చైన్‌సా సెట్టింగులు మార్చే ముందు జాగ్రత్తలు

ఇంజిన్ ఆపి, స్పార్క్ ప్లగ్ వైరు ఊడదీయండి. బ్యాటరీ రంపమైతే బ్యాటరీ తీసేయండి. కదలని గొలుసు కూడా చెయ్యి కోస్తుంది, మందపాటి గ్లవ్స్ వేసుకోండి.

పై కవర్ మీద ఉన్న మోడల్ పేరును మాత్రమే నమ్మకండి. సెకండ్‌హ్యాండ్ మెషీన్‌కు వేరే మోడల్ కవర్ బిగించి ఉండొచ్చు. బాడీ మీది సీరియల్ నంబరుతో సరిచూసుకున్నాకే విడిభాగాలు కొనండి.

కొత్త గొలుసుకు మూడు కొలతలు కావాలి: పిచ్ (వరుసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగం), గేజ్ (డ్రైవ్ లింకు మందం), డ్రైవ్ లింకుల (గొలుసు అడుగున గాడిలో నడిచే లింకుల) సంఖ్య. చాలా బార్‌ల (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పలకల) మీద ఇవి చెక్కి ఉంటాయి. స్ప్రాకెట్ (గొలుసును తిప్పే పళ్ళ చక్రం) పిచ్ కూడా అదే కావాలి. 0.325 అంగుళాల గొలుసు 3/8 అంగుళాల స్ప్రాకెట్ మీద సరిగ్గా కూర్చోదు, రెండూ పాడవుతాయి. బార్ పొడవు ఒకటే కదా అని కొనేయడం చాలామంది చేసే పని, దయచేసి అలా చేయకండి.

టెన్షన్ (గొలుసు బిగువు) సరిచేసేది గొలుసు చల్లారాకే. వేడి మీద బిగిస్తే, చల్లారేటప్పుడు కుంచించుకుని బార్‌నూ క్రాంక్‌షాఫ్ట్‌నూ (ఇంజిన్ ఇరుసును) లాగేస్తుంది. బార్ నట్లు వదులు చేసి, బార్ కొన పైకెత్తి పట్టుకుని టెన్షన్ స్క్రూ తిప్పండి. గొలుసు బార్ అడుగుకు ఆనాలి, చైన్ బ్రేక్ వదిలి చేత్తో లాగితే సాఫీగా జరగాలి.

కార్బురేటర్ (ఇంధనాన్నీ గాలినీ కలిపే భాగం) ముట్టుకునే ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేయండి, చాలాసార్లు లోపం అక్కడే ఉంటుంది. హెచ్ స్క్రూ (అధిక వేగంలో ఇంధనం సరిచేసే కార్బురేటర్ స్క్రూ) అతిగా బిగిస్తే ఇంధనం, దాంట్లో కలిసిన ఆయిల్ తగ్గి పిస్టన్ పట్టేస్తుంది. టాకోమీటర్ (ఇంజిన్ వేగం కొలిచే మీటరు) లేకుండా దాని జోలికి వెళ్లకండి.

ఐడిల్‌లో (యాక్సిలరేటర్ నొక్కకుండా ఇంజిన్ నడిచేటప్పుడు) గొలుసు తిరుగుతుంటే ఆ రంపంతో కోత మొదలుపెట్టకండి.