బయోటెక్ షేరు కొనే ముందు ఏమేం చూడాలి?

2015 జూన్‌లో ఆక్సోవాంట్ అనే బయోటెక్ కంపెనీ (అంటే కొత్త మందులు తయారుచేసేది) అమెరికాలో ఐపీఓకి, అంటే తొలిసారి జనానికి షేర్లు అమ్మడానికి వచ్చి 31.5 కోట్ల డాలర్లు సమీకరించింది. దాని ఆశలన్నీ ఒకే ఒక్క అల్జీమర్స్ (మతిమరుపు జబ్బు) మందు మీద. పేరు ఇంటెపిర్డిన్. గ్లాక్సో అనే పెద్ద మందుల కంపెనీ పరీక్షించి పక్కన పెట్టేసిన ఆ మందుకి ముందుగా కట్టింది 50 లక్షల డాలర్లే. 2017 సెప్టెంబరులో చివరి దశ ట్రయల్ (రోగుల మీద మందుని పరీక్షించడం) ఫెయిలైంది, షేరు ఒక్కరోజులో 70 శాతానికి పైగా పడింది. అప్పుడు దెబ్బతిన్నవాళ్లు ఏం చూసుకోలేదో అదే మనం ముందు చూసుకోవాలి.

1. మందు పాత రికార్డు. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ సైట్‌లో మందు పేరు కొట్టండి. ఎన్ని ట్రయల్స్ జరిగాయి, ఎంతమంది రోగుల మీద, మొదట రాసుకున్న ప్రధాన లక్ష్యం ఏమిటి? ఇంటెపిర్డిన్ అంతకుముందు కొన్ని ట్రయల్స్‌లో తప్పింది. డొనెపెజిల్ అనే మరో మందుతో కలిపి ఇచ్చినప్పుడు కనిపించిన కాస్త మెరుగుదల మీదే అందరూ ఆశ పెట్టుకున్నారు. అసలు లక్ష్యం తప్పినా "ఫలానా రోగుల్లో మాత్రం బాగా పనిచేసింది" అని కంపెనీ చెబితే అక్కడే ఆగండి.

2. చేతిలో నగదు. త్రైమాసిక నివేదికలో ఉన్న నగదుని మూడు నెలల ఖర్చుతో భాగించండి. నాలుగు కంటే తక్కువ వస్తే, అంటే నగదు ఏడాదికి కూడా సరిపోకపోతే, కొత్త షేర్లు అమ్మే రోజు దగ్గర్లోనే ఉన్నట్టు. మీ వాటా పలచబడుతుంది. మంచి వార్త రాగానే షేర్లు అమ్మడం ఈ కంపెనీలకి మామూలే.

3. ఎంత పెట్టాలి? స్టాప్‌లాస్ (ధర ఫలానా చోటికి పడగానే షేరు అమ్మేయమని ముందే ఇచ్చే ఆర్డర్) ఉంది కదా అని ధీమా వద్దు. ట్రయల్ ఫలితాలు తరచూ మార్కెట్ మూసి ఉన్నప్పుడే వస్తాయి. 24 డాలర్ల దగ్గర ముగిసిన ఆక్సోవాంట్ షేరు మర్నాడు 6 డాలర్ల దగ్గరికి జారింది. 20 దగ్గర స్టాప్‌లాస్ పెట్టినా అమ్ముడయ్యేది ఆ 6 దగ్గరే. కాబట్టి పూర్తిగా పోయినా ఇల్లు గడిచేంత మొత్తమే పెట్టాలి. అప్పు చేసి మాత్రం వద్దే వద్దు.

4. ఆమోదం తర్వాత. 2021 జూన్‌లో బయోజెన్ అనే కంపెనీ అల్జీమర్స్ మందు అడుహెల్మ్‌కి ఎఫ్‌డీఏ (అమెరికాలో మందులకి అనుమతిచ్చే ప్రభుత్వ సంస్థ) ఆమోదం రాగానే షేరు ఒక్కరోజులో 38 శాతం ఎగిరింది. ఏడాదికి 56,000 డాలర్ల ధర చూసి అందరూ గుండెలు బాదుకున్నారు. మెడికేర్ (అమెరికాలో ముఖ్యంగా వృద్ధులకి ఉండే ప్రభుత్వ ఆరోగ్య బీమా) పరిమితంగానే డబ్బు కడతానంది, మందు పెద్దగా అమ్ముడుపోలేదు. 2024లో బయోజెన్ దాన్ని వదిలేసింది. అందుకే బిల్లు ఎవరు కడతారో కూడా కొనేముందే చూడండి.