భూమి గురించి కాలనీ గ్రూపుల అప్డేట్ పెట్టేముందు చేయాల్సిన పనులు

మాది నల్లగొండ దిక్కు ఒక కాలనీ, ఐదెకరాల వెంచర్, డెబ్బై ప్లాట్లు, వాట్సాప్ గ్రూపుల 96 మంది. నేను సెక్రటరీ అయిన కొత్తల ఒక మెసేజ్ పెట్టిన, "అందరికీ నమస్కారం, మన పార్కు జాగ కబ్జా అయితుంది, అందరు స్పందించాలె" అని. యాభై మంది దండం బొమ్మ పెట్టిన్రు, ఒక కాక గులాబి పువ్వుతోని శుభోదయం పెట్టిండు. ఆదివారం పొద్దుగాల ఏడింటికి పార్కు కాడికి వచ్చింది నలుగురం, అండ్ల ఒకాయన కుక్కను తిప్పుకుంట వచ్చి ఆగిండు అంతే. ఇంటికొచ్చి నా మెసేజ్ నేనే మళ్ల చదువుకున్న. ఏ జాగ, ఎన్ని గజాలు, మనది అని ఏ కాగితంల ఉంది, రేపు ఎవరు ఏ ఆఫీసుకు పోవాలె, ఒక్కటి లేదు అండ్ల. నాకే ఏం చేయాల్నో తెల్వలే ఇగ వాళ్లకేం తెలుస్తది.

అందుకని ఇప్పుడు మా సంఘంల ఒక కట్టుబాటు పెట్టుకున్నం, భూమి గురించి గ్రూపుల ఏది పెట్టినా దానెన్క ఒక కాగితం ఉండాలె, కింద ఒక తారీఖు ఉండాలె. ఈ రెండు లేకుంటే అది ముచ్చటే, అప్డేట్ కాదు. మీ కాలనీల కూడా గిట్ల చేయాలనుకుంటే మేం చేసిన వరుస చెప్త, మేం తప్పు చేసిన కాడ కూడా చెప్త.

ముందుగాల లేఅవుట్ కాపీ పట్టాలె. ప్లాట్ కొన్నప్పుడు వెంచర్ వాళ్లిచ్చిన రంగుల బ్రోచర్ కాదు, దానిల పార్కుల ఫౌంటెన్ కూడా ఉంటది. డీటీసీపీ, అంటే లేఅవుట్లకు అనుమతిచ్చే టౌన్ ప్లానింగ్ శాఖ, దాని అనుమతి నంబర్ వేసి, సంతకం ముద్ర ఉన్న నక్ష కావాలె. ఉత్త గ్రామ పంచాయతీ ముద్ర ఉండి డీటీసీపీ నంబర్ లేకపోతే అది అనుమతి ఉన్న లేఅవుట్ కాదు, మన దిక్కు పాత వెంచర్లు చానా గట్లనే ఉన్నయి, తర్వాత ఆ ఊర్లు టౌన్ల కలిసినయి. అనుమతి ఉన్న లేఅవుట్ల అయితే మొత్తం జాగల 10 శాతం ఖాళీ స్థలం వదలాలె, దాన్ని రోడ్లతోని సహా గిఫ్ట్ డీడ్ (ఉత్తగ రాసిచ్చే దస్తావేజు) చేసి మున్సిపాలిటీకో పంచాయతీకో రిజిస్టర్ చేసియ్యాలె. లెక్క చేసుకోనీకి కష్టమేం లేదు, ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. మా ఐదెకరాలంటే 200 గుంటలు, అండ్ల పదో వంతు 20 గుంటలు, అంటే 2,420 గజాలు. మీ కాలనీది కూడా గిట్లనే ఒక కాగితం మీద వేసుకోండ్రి, ఆ నంబర్ నోటికొచ్చేదాంక వదలొద్దు, ఎందుకంటే ఆఫీసుల "ఎంత జాగ బాబూ" అని అడిగితే "శానా ఉంటది సార్" అన్నమంటే పని అక్కడ్నే ఆగిపోతది.

కాపీ ఎవ్వరి కాడ లేకుంటే సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాలె. మండల ఆఫీసుకైతే 5 రూపాయలు, మున్సిపల్ ఆఫీసుకు, జిల్లా ఆఫీసులకు 10 రూపాయలు, గ్రామ పంచాయతీకి ఫీజే లేదు. 30 దినాలల్ల జవాబియ్యాలె, ఇయ్యకపోతే ఇంకో 30 దినాలల్ల అదే ఆఫీసుల పై అధికారికి మొదటి అప్పీలు. మేం చేసిన తప్పేందంటే మొదటి దరఖాస్తుల "మా పార్కును ఎందుకు కాపాడుతలేరు" అని అడిగినం, దానికి జవాబేముంటది, ఒక లైన్ల పంపించిన్రు. ఎందుకు అని అడగొద్దు, కాగితం అడగాలె. ఫలానా సర్వే నంబర్‌ల లేఅవుట్ నక్ష సర్టిఫైడ్ కాపీ, ఖాళీ స్థలం అప్పగించిన గిఫ్ట్ డీడ్ నంబర్ తేదీ, ఆ జాగల ఎవరికన్నా బిల్డింగ్ పర్మిషన్ గానీ ఇంటి నంబర్ గానీ ఇచ్చి ఉంటే వాటి కాపీలు. మూడే ప్రశ్నలు, ఒక పేజీ. రెండోసారి గిట్లడిగితే దొరికినయి.

ఇప్పుడు అసలు గుంత ఎక్కడుందో చెప్త, చానా మందికి తెల్వదు ఇది. వెంచర్ వేసినప్పుడు ప్లాట్లు గజాల లెక్కన అమ్ముడుపోతయి, రిజిస్ట్రేషన్లు అయిపోతయి, కానీ రెవెన్యూ రికార్డుల ఆ సర్వే నంబర్ ఇంకా వ్యవసాయ భూమి అని పాత పట్టాదారు పేరు మీదనే ఉండిపోతది. పదిహేనేండ్లకు ఆయన పోతడు, కొడుకులకు విరాసత్ (వారసుల పేరు మీదికి మార్పు) అయితది, కొత్త పాసుబుక్కు వస్తది, వాళ్లు రోడ్లు పార్కు కలిపి గుంటల లెక్కన ఇంకొకరికి అమ్ముతరు. కొన్నాయన పాసుబుక్కు పట్టుకొని జేసీబీతోని వస్తడు, ఆయన తప్పు కూడా లేకపోవచ్చు. అందుకని భూభారతి అనే సర్కారు భూమి రికార్డుల పోర్టల్ల మీ వెంచర్ సర్వే నంబర్ కొట్టి ఎవరి పేరు వస్తుందో ఆర్నెల్లకోసారి చూడాలె. ఇంతకుముందు ధరణి ఉండె, 2025 ఏప్రిల్ నుంచి దాని జాగల భూభారతి వచ్చింది. దాంతోపాటు రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌ల అదే సర్వే నంబర్ మీద ఈసీ, అంటే ఆ భూమి మీద ఏమేం రిజిస్ట్రేషన్లు అయినయో చూపే కాగితం, తీయాలె, గిఫ్ట్ డీడ్ నిజంగా రిజిస్టర్ అయి ఉంటే అండ్ల కనబడతది. కనబడలేదనుకోండ్రి, ముందు ఈ పని చేయాలె. లేఅవుట్ కాపీ, పది పన్నెండు ప్లాట్ల రిజిస్టర్డ్ డాక్యుమెంట్ల జిరాక్సులు జోడించి తహసీల్దారుకు ఒకటి, మున్సిపల్ కమిషనర్‌కు ఒకటి, కలెక్టర్‌కు ఒకటి, ఈ జాగను 22ఎ నిషేధిత జాబితాల, అంటే రిజిస్ట్రేషన్ చేయొద్దు అన్న భూముల జాబితాల, చేర్చుండ్రి అని రాసియ్యాలె. కలెక్టరేట్ల సోమవారం ప్రజావాణి, అంటే జనం దరఖాస్తులు తీసుకునే కార్యక్రమం, ఉంటది, పొద్దుగాల్నే పోవాలె, ఇచ్చినంక రసీదు లేకుండా రావొద్దు. మా మొదటి కాగితం ఒక ఆఫీసుల చేతికిచ్చి వచ్చినం, కాగితం అందినట్టు ఆఫీసు వేసే ఇన్‌వర్డ్ నంబర్ తీసుకోలే, రెండు నెలలకు పోతే "ఏ కాగితం" అన్నరు. ఇగ ఏమంటం.

ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని లేఅవుట్ల ప్లాట్లను క్రమబద్ధీకరించే స్కీము) కట్టినం కదా ఇగ మాకేం భయం అని కూడా చానా మంది అంటరు. 2020ల వచ్చిన ఎల్ఆర్ఎస్ మన ప్లాటును క్రమబద్ధీకరిస్తది, ఖాళీ జాగ 10 శాతం వదలని లేఅవుట్లల్ల దానికి బదులు ప్లాటు విలువ మీద 14 శాతం ఛార్జీ కూడా అండ్లనే కట్టించుకుంటరు. నా ప్లాటుకు రక్షణ వేరు పార్కుకు రక్షణ వేరు, డబ్బులు కట్టినంత మాత్రాన పార్కు పుట్టదు.

కొలత ముచ్చట. నక్షల మా పార్కు 198 అడుగులు ఇంటు 110 అడుగులు, కొట్టి చూస్తే సరిగ్గ 2,420 గజాలు. 30 మీటర్ల టేపు తెచ్చినం, బట్ట టేపు కాదు అది సాగుతది, స్టీలుది. నక్ష ప్రకారం ఒకటో నంబర్ ప్లాటు మూల రాయి కాడ్నుంచి మొదలు పెట్టాలె, కరెంటు స్తంభం కాడ్నుంచో మోరి కాడ్నుంచో కాదు, అవి నక్షల ఉండయి. మా హద్దు రాళ్లల్ల రెండు కంపచెట్ల కింద ఉండె, గొడ్డలి తెచ్చి నరికేసరికే తొమ్మిదయింది, ఎండ ఎక్కింది, ముగ్గురికి చేతుల నిండా ముండ్లు. ఒకలు సున్న కాడ గట్టిగ పట్టుకోవాలె, ఒకలు లాగాలె, మధ్యల ఒకలు టేపు కింద పడకుండ ఎత్తాలె, నాలుగో మనిషి నోటుబుక్కుల రాసి ఫోటో తీయాలె. రెండుసార్లు కొలిచినం. 198 రావాల్సిన కాడ 187 వచ్చింది. పదకొండు అడుగులు పోయింది, 134 గజాల మీద మాట.

అందరం పార్కు అంచున రేకుల షెడ్డు వేసినాయన మీదనే అనుమానంతోని ఉన్నం. ఆయన దిక్కు ఏడు అడుగులు లోపలికొచ్చింది నిజమే. మిగిలిన నాలుగు అడుగులు అటు దిక్కు ప్రహరీ, ఆ ప్రహరీ మా కమిటీ మెంబరుదే. కాసేపు ఎవ్వరు మాట్లాడలే, టేపు పట్టుకున్న తమ్ముడు టేపు చుట్టుకుంట నిలబడ్డడు. ఆ అన్న మంచోడే, మేస్త్రీ ముగ్గు పోసిన కాడ కట్టుకున్న అన్నడు. అప్డేట్ల ఏడు అడుగులు రాసి నాలుగు అడుగులు దాస్తే ఎట్ల అని అరగంట గొడవయింది, ఆఖరికి రెండూ రాసినం, పేర్లు లేకుండ, తూర్పు హద్దు 7 అడుగులు పడమర హద్దు 4 అడుగులు అని. అది పెట్టిన రోజే గ్రూపుల మాటతీరు మారింది, అదివరకు ఫోన్ ఎత్తని వాళ్లు కూడా "తమ్మీ సోమవారం నేను వస్త" అన్నరు.

పేర్లు రాయొద్దు అన్నది చట్టం భయంతోని కూడా. "ఫలానోడు కబ్జాకోరు" అని గ్రూపుల పెడితే స్క్రీన్‌షాట్ ఆయన కాడికి పది నిమిషాలల్ల పోతది, రేపు పరువునష్టం నోటీసు సెక్రటరీకే వస్తది. ప్లాటు నంబర్, దిక్కు, అడుగులు, తేదీ రాస్తే చాలు, చదివేటోళ్లకు అర్థమే అయితది.

మా అప్డేట్ ఇప్పుడు గిట్ల ఉంటది చూడండ్రి:

"ఆదివారం పొద్దున పార్కు కొలిచినం, 11 మంది ఉన్నం. నక్షల 198 అడుగులు, జాగ మీద 187. ఫోటోలు కింద ఉన్నయి. షెడ్డుకు కరెంటు మీటరు ఇంకా రాలేదు. సోమవారం 10 గంటలకు ప్రజావాణిల కాగితం ఇస్తున్నం, 14, 31, 52 నంబర్ల ప్లాట్ల వాళ్లు వస్తున్నరు, ఇంకో ఇద్దరు కావాలె. ఇన్‌వర్డ్ నంబర్ సాయంత్రం పెడతం."

అంతే, ఆరేడు లైన్లు. కరెంటు మీటరు ముచ్చట ఎందుకు రాసినమంటే కబ్జాకు ఒక వరుస ఉంటది, ముందు ఇసుక కుప్ప, తర్వాత ఇటుకలు "నాలుగు రోజులే అన్నా" అంటరు, తర్వాత రేకులు, తర్వాత మీటరు, ఆఖరికి ఇంటి నంబర్. ఇసుక కుప్ప కాడనే ఫోటో తీసి తారీఖుతోని పెడితే మస్తు పని తప్పుతది, ఇంటి నంబర్ దాంక వస్తే కోర్టు దాంక పోవుడే. కోర్టుల కాలనీ వాళ్ల మాట నడవది అనుకోవద్దు, బెంగళూరుల పార్కు కోసం పెట్టిన జాగను ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇస్తే అక్కడ ఉండేటోళ్లే కేసు వేసిన్రు, 1991ల సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదు అన్నది. కానీ కేసులకు ఏండ్లు పడతయి, ఫోటోకు ఒక నిమిషం.

మీ కాలనీ పక్కన కుంట ఉంటే ఇంకో పని ఉంటది. మన పాలమూరు, నల్లగొండ దిక్కు సగం కాలనీలు ఏదో ఒక చెరువు కిందనో శిఖం (చెరువు నీళ్లు నిలిచే భూమి) పక్కనో ఉన్నవే. 25 ఎకరాలు, అంటే 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు, అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు వచ్చే హద్దు, నుంచి 30 మీటర్లు, అంతకన్న చిన్న కుంటైతే 9 మీటర్లు కట్టడం ఉండొద్దు, 10 మీటర్ల లోపు వెడల్పున్న నాలాకు 2 మీటర్లు. అలుగు (చెరువు నిండితే నీళ్లు బయటికి పొర్లే చోటు) పారే తొవ్వల ఎవడన్నా మట్టి పోస్తుంటే వాన కాలం దాంక ఆగొద్దు, ఇరిగేషన్ వాళ్లకు, తహసీల్దారుకు అదే రోజు కాగితం ఇయ్యాలె, లేకుంటే ఆ నీళ్లు మన ఇండ్లల్లకే వస్తయి. పాత హద్దు తెల్వాలంటే సేత్వార్ (పాత సర్వే రికార్డు), గ్రామ నక్ష, 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎటువంటిది, ఎవరిది అని రాసిన రికార్డు) కాపీలు తీసుకోవాలె, అండ్ల శిఖం అని ఉంటే ఇగ వాదన చిన్నగైతది.

సంఘాన్ని రిజిస్టర్ చేయించుడు మర్చిపోవద్దు. ఏడుగురు ఉంటే చాలు, 2001 సొసైటీల చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసుల అయితది. రిజిస్ట్రేషన్ నంబర్ ఉన్న లెటర్‌హెడ్ మీద ఇచ్చిన కాగితానికి, తెల్ల కాగితానికి తేడా మీరు ఒక్కసారి పోతే మీకే తెలుస్తది. మీటింగు పెట్టినప్పుడల్లా తీర్మానం రిజిస్టర్ల రాసి సంతకాలు తీసుకోవాలె, ఆడోళ్లను కూడా పిలవాలె, మా కాడ మగోళ్లు డ్యూటీలకు పోయినంక ఆ జాగను రోజంత చూసేది వాళ్లే, ఇసుక లారీ వచ్చిందని మొదలు చెప్పింది కూడా 22వ నంబర్ ఇంటి అక్కనే.

మిగతా ముచ్చట్లు, వీధిలైట్లు, భగీరథ నీళ్లు, కుక్కలు, గణేష్ మండపం చందా, అవన్ని గ్రూపుల పెట్టుకోండ్రి గానీ భూమి అప్డేట్ రోజు అవి కలపొద్దు, బతుకమ్మ కాడ డీజే ఉండాల్నా వద్దా అనే దాని కింద పార్కు ముచ్చట మునిగిపోతది. మేం నెలకు మొదటి ఆదివారం ఒక్క భూమి అప్డేటే పెడతం, ఏం జరగకపోయినా "ఈ నెల కొత్తదేం లేదు, పోయిన నెల ఇచ్చిన కాగితానికి జవాబు రాలే" అని పెడతం.

మాది ఇంకా అయిపోలే. అన్న ప్రహరీ నాలుగు అడుగులు జరిపి కట్టిండు, ఖర్చు ఆయనదే, రాళ్లు మోసిన కూలి సంఘం ఇచ్చింది. షెడ్డుకు నోటీసు వచ్చింది, రేకులు ఇంకా తీయలే. గిఫ్ట్ డీడ్ కాపీ, నక్ష, ఈసీ, ఇన్‌వర్డ్ చీటీలు అన్ని ఒక ఫైల్ల పెట్టి రెండు సెట్లు చేసినం, ఒకటి నా కాడ, ఒకటి 31వ నంబర్ సార్ ఇంట్ల. వచ్చే నెల రెండో ఆదివారం మళ్ల కొలుస్తున్నం, టేపు 52వ నంబర్ వాళ్లు తెస్తరు, గొడ్డలి ఈసారి ముందుగాల్నే తేవాలె.