సెకండ్‌హ్యాండ్ కారుకు ఫాస్టాగ్: పాత యజమాని ట్యాగ్ మూయించి కొత్తది తీసుకునే విధానం

మొన్న సంక్రాంతికి ముందు శనివారం. సొంతూళ్లకు బయల్దేరిన కార్లతో హైదరాబాద్–విజయవాడ దారి కిక్కిరిసి ఉంది. ఒక టోల్‌ప్లాజాలో కర్ణాటక నంబరున్న తెల్ల కారు లేన్‌లోనే ఆగిపోయింది. అద్దం మీద ట్యాగ్ ఉంది. రెండు రోజుల క్రితమే వెయ్యి రూపాయలు రీచార్జి చేసినట్టు ఫోనులో మెసేజ్ కూడా ఉంది. గేటు దగ్గర తెర మీద మాత్రం బ్లాక్‌లిస్ట్ అని వస్తోంది. వెనక హారన్ల మోత, కారులో చంటిబిడ్డ ఏడుపు. ఇంతలో ఒక కుర్రవాడు కిటికీ దగ్గరకు వచ్చి, ‘అయిదు వందలివ్వండి సార్, అయిదు నిమిషాల్లో కొత్త ట్యాగ్’ అంటున్నాడు.

నేను హైవే పక్కన ఆన్‌లైన్ సేవల దుకాణం నడుపుతాను. ఆ కారు ఆయన ఆ సాయంత్రం నా దగ్గరకే వచ్చారు. పండగ రోజుల్లో ఇలా వచ్చేవారిలో చాలామందిది ఒకటే కథ. కారు సెకండ్‌హ్యాండ్‌ది, అద్దం మీద ట్యాగ్ పాత యజమానిది. కారుతో పాటు స్టెప్నీ, జాకీ వచ్చినట్టే ట్యాగ్ కూడా వచ్చిందనుకుంటారు. అది అలా రాదు.

ఫాస్టాగ్ మూడింటికి ముడిపడి ఉంటుంది: వాహనం నంబరు, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకులో కేవైసీ (గుర్తింపు పత్రాలు) ఇచ్చిన వ్యక్తి, ఆయన మొబైల్ నంబరు. కారు మీ ఇంటికి వచ్చినా ఖాతా అమ్మినాయన పేరునే ఉంటుంది. యూపీఐ యాప్‌లో వాహనం నంబరు కొట్టి ఎవరైనా ఏ ట్యాగ్‌కైనా డబ్బు వేయవచ్చు కాబట్టి రీచార్జి మాత్రం చక్కగా అవుతుంది. చిక్కంతా అక్కడే మొదలవుతుంది. మీరు వేసిన డబ్బు ఆయన ఖాతాలో పడుతుంది, కేవైసీ సరిచేసుకోమని బ్యాంకు పంపే హెచ్చరికలు ఆయన ఫోనుకు పోతాయి. కారు అమ్మేసిన మనిషి ఆ మెసేజ్‌లను ఎందుకు పట్టించుకుంటారు? కొన్నాళ్లకు ట్యాగ్ బ్లాక్‌లిస్ట్‌లో పడుతుంది. రీచార్జి చేసే ముందు చాలా యాప్‌లలో ఖాతాదారు పేరు కనిపిస్తుంది. ఆ ఒక్క వరుస చదివినా సగం మంది నా దుకాణం మెట్లెక్కరు.

ముందుగా చేయవలసింది, మీ నంబరు మీద ఏ బ్యాంకు ట్యాగ్ ఉందో తెలుసుకోవడం. ఫాస్టాగ్ చెల్లింపుల వ్యవస్థను నడిపే ఎన్‌పీసీఐ వెబ్‌సైట్‌లో ఫాస్టాగ్ స్టేటస్ చూసే పేజీ ఉంది. అక్కడ వాహనం నంబరు ఇస్తే ట్యాగ్ ఏ బ్యాంకుది, పనిచేస్తోందా, బ్లాక్‌లిస్ట్‌లో ఉందా అన్నది తెలుస్తుంది. డబ్బేమీ కట్టక్కర్లేదు. ఆ పేజీ దొరక్కపోతే జాతీయ రహదారుల హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయండి. గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెతికి, మొదట కనిపించిన దానికి ఫోన్ చేయడం మాత్రం వద్దు. నకిలీ నంబర్లు పైవరుసలోనే కాచుకుని కూర్చుంటాయి.

ఇక అసలు అడుగు, అందరూ జారిపడేది. పాత ట్యాగ్‌ను మూయించాలి. ఒక వాహనానికి ఒకే ఫాస్టాగ్ అనే నియమం 2024 నుంచి అమల్లో ఉంది. పాతది బతికి ఉండగా కొత్తదానికి దరఖాస్తు చేస్తే చాలాసార్లు ఈ నంబరుకు ఇప్పటికే ట్యాగ్ ఉందని వెనక్కి కొడుతుంది. దాన్ని మూసే హక్కు ఖాతాదారుది, అంటే కారు అమ్మినాయనది. ఆయన తన బ్యాంకు ఫాస్టాగ్ పోర్టల్‌లోకో యాప్‌లోకో వెళ్లి, లేదా ఆ బ్యాంకు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి, వాహనం అమ్మేశానని కారణం చెప్పి క్లోజర్ అడగాలి. ఖాతాలో మిగిలిన డబ్బు, ట్యాగ్ తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్ ఆయనకే తిరిగి వస్తాయి. ఈ మాట ఆయనకు చెప్పండి, ఫోన్ ఎత్తడానికి అదొక కారణం అవుతుంది.

ఈ పని అడగడానికి మంచి సమయం ఒకటే ఉంది: మీరు చివరి వాయిదా డబ్బు చేతిలో పెట్టే ముందు. బేరం కుదిరాక, ఆర్‌సీ బదిలీకి ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టించుకునేటప్పుడే, ఎదురుగా కూర్చుని క్లోజర్ అభ్యర్థన పెట్టించి, వచ్చిన సర్వీస్ రిక్వెస్ట్ నంబరును ఫొటో తీసుకోండి. డబ్బు చేతులు మారాక అదే మనిషి చేత అదే పని చేయించడానికి నెలలు పట్టడం నేను చూశాను. ఆయన చెడ్డవారని కాదు. ఆయనకిక అది పని కాదు, అంతే.

అమ్మినాయన దొరక్కపోతే? విదేశాలకు వెళ్లి ఉండవచ్చు, నంబరు మార్చి ఉండవచ్చు, కారు మధ్యలో రెండు చేతులు మారి ఉండవచ్చు. అప్పుడు మీ పేరున మారిన ఆర్‌సీ, మీ ఆధార్, అమ్మకపు పత్రం ఉంటే దాని నకలు తీసుకుని, ట్యాగ్ ఇచ్చిన బ్యాంకునే అడగాలి. వాహనం యజమాని మారారు, పాత ట్యాగ్ మూయండి అని రాతపూర్వకంగా ఇచ్చి, ఫిర్యాదు నంబరు తీసుకోండి. మొదటిసారి అడిగితే ‘ఖాతాదారే రావాలి’ అంటారు. కంగారు పడకండి. ఆర్‌సీ మీ పేరున ఉన్నప్పుడు మీ మాటకు ఆధారం ఉంది, అదే కాగితం మళ్లీ చూపించి అడగండి. ఆర్‌సీ ఇంకా పాత పేరునే ఉంటే మాత్రం ఏ బ్యాంకూ మీ మాట వినదు, వినకూడదు కూడా. అందుకే అమ్మినాయన దొరకనప్పుడు వరుస తప్పకూడదు: ముందు ఆర్‌సీ, ఆ తర్వాతే ట్యాగ్.

పొరుగు రాష్ట్రం బండి అయితే ఇక్కడ మరో మెలిక ఉంది. కర్ణాటక కారును ఎన్‌వోసీ (అక్కడి రవాణా శాఖ ఇచ్చే అభ్యంతరం లేదనే పత్రం) తెచ్చుకుని ఆంధ్రప్రదేశ్‌లోనో తెలంగాణలోనో తిరిగి రిజిస్టర్ చేయిస్తే నంబరే మారిపోతుంది. ట్యాగ్ పాత నంబరు మీద ఉంటుంది, నంబరు ప్లేటు మీద కొత్తది. ఈ రెండూ కలవకపోతే ఏదో ఒక రోజు గేటు దగ్గర పట్టుబడుతుంది. కాబట్టి కొత్త నంబరు రానున్నదని తెలిస్తే అది వచ్చేదాకా ఆగి, ఆ నంబరు మీదే ట్యాగ్ తీసుకోండి. మాటల్లో మాట, తెలంగాణలో టీఎస్ నంబర్లున్నవారు టీజీకి మార్చుకోవాలంటూ డబ్బు అడిగేవారున్నారు. 2024 మార్చిలో వచ్చిన టీజీ కొత్త రిజిస్ట్రేషన్లకే, పాత నంబర్లకు ఏ మార్పూ అక్కర్లేదు.

ఎన్‌వోసీ విషయంలో 2026 జనవరిలో ఇంకో నియమం చేరింది. ఆ వాహనం మీద జాతీయ రహదారుల టోల్ బకాయి ఉంటే అది తీర్చేవరకు యజమాని మార్పుకు గానీ, మరో రాష్ట్రానికి తీసుకెళ్లడానికి గానీ ఎన్‌వోసీ ఇవ్వరు. వాణిజ్య వాహనాలకు ఫిట్‌నెస్, నేషనల్ పర్మిట్ కూడా ఆగుతాయి. గేట్లే లేకుండా, కారు ఆగకుండా టోల్ వసూలు చేసే పద్ధతి వస్తోంది. దానికి తొలి ఒప్పందం 2025 ఆగస్టులో గుజరాత్‌లోని చోర్యాసీ టోల్‌ప్లాజా కోసం కుదిరింది. ఆపడానికి గేటు లేనప్పుడు బకాయి కాగితాల దగ్గరే పట్టుకుంటారు. పాత కారు కొనేటప్పుడు పోలీసు చలానాలు చూసుకున్నట్టే టోల్ బకాయి సంగతీ అడగడం ఇకపై అలవాటు చేసుకోవాలి.

పాతది మూతపడ్డాక కొత్త ట్యాగ్ తీసుకోవడం పది నిమిషాల పని. ఫాస్టాగ్ ఇచ్చే ఏదైనా బ్యాంకు వెబ్‌సైట్‌లో లేదా యాప్‌లో ఆధార్, పాన్, ఆర్‌సీ వివరాలు ఇచ్చి డబ్బు కడితే ట్యాగ్ ఇంటికి వస్తుంది. మీ ఖాతా ఉన్న బ్యాంకులోనే తీసుకోవాలనేమీ లేదు. కార్లు, జీపులు, వ్యాన్లకు వాహనం ఫొటోలతో చేసే కేవైవీ తతంగం 2026 ఫిబ్రవరి 1 నుంచి కొత్త ట్యాగ్‌లకు ఎత్తేశారు. ఇప్పుడు బ్యాంకే ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రికార్డైన వాహన్ డేటాబేస్‌లో మీ ఆర్‌సీ సరిచూసుకుని ట్యాగ్‌ను పనిచేయిస్తుంది. ఇంకా ఎవరైనా కేవైవీ చేయకపోతే ట్యాగ్ ఆగిపోతుందని చెప్పి ఫోనుకు లింకు పంపితే నొక్కకండి. పాత ట్యాగ్‌లకు కూడా ఫిర్యాదు ఏదైనా ఉంటేనే అడుగుతారు, ఊరికే అడగరు.

ఫారంలో మీరు నిజంగా కాపలా కాయవలసిన గడి ఒకటే, మొబైల్ నంబరు. టోల్‌ప్లాజా పక్కన గొడుగు కింద కూర్చుని ట్యాగ్‌లు అమ్మేవారంతా మోసగాళ్లు కారు, వారిలో బ్యాంకు నియమించిన ఏజెంట్లూ ఉంటారు. కానీ తొందరలో ఉన్నవారిని చూసి ‘ఓటీపీ గొడవ లేకుండా చేస్తాను సార్’ అనేవారూ ఉంటారు. ఓటీపీ గొడవ లేదంటే ఏమిటి అర్థం? మొబైల్ నంబరు అతనిది. కొన్నిసార్లు కేవైసీ కూడా ఇంకెవరిదో. కారు మీది, డబ్బు మీది, ఖాతా మాత్రం ముక్కూముఖం తెలియనివాడిది. ఏ బెడద వదిలించుకోవడానికి ఇంత తిరిగారో మళ్లీ దానిలోకే దిగారన్న మాట. ఓటీపీ మీ ఫోనుకు రావాలి, మీరే కొట్టాలి. ట్యాగ్ చేతికి వచ్చాక అక్కడే నిలబడి యూపీఐ యాప్‌లో మీ వాహనం నంబరు కొట్టి పేరు మీదేనా అని చూసుకున్నాకే డబ్బివ్వండి. ఫారంలో కారుకు బదులు మరో వాహన తరగతి పడలేదని కూడా చూడండి, లేకపోతే ప్రతి గేటులోనూ ఎక్కువ కట్ అవుతుంది.

ట్యాగ్‌ను అద్దం లోపలివైపు, వెనక చూపే అద్దం వెనకగా అతికించండి. బావగారి కారుకూ పనికొస్తుందని చేతిలో పట్టుకుని చూపించే అలవాటు కొందరికి ఉంది. అతికించని ట్యాగ్‌లు కనిపిస్తే బ్లాక్‌లిస్ట్ చేయడానికి వెంటనే తమకు తెలియజేయాలని జాతీయ రహదారుల సంస్థ 2025 జులైలోనే టోల్ వసూలు సంస్థలకు చెప్పింది.

ఇంత చేసినా దారిలో ట్యాగ్ పనిచేయకపోతే ఎంత కట్టాలి? 2025 నవంబరు 15 నుంచి అమల్లోకి వచ్చిన లెక్క ఇది: మామూలుగా 100 రూపాయలైతే, చెల్లే ట్యాగ్ లేనివారు యూపీఐ ద్వారా 125 (నగదుకు అప్పట్లో 200). కాబట్టి గేటు దగ్గర వాదన పెట్టుకోకుండా యూపీఐ అడగండి, రసీదు తీసుకోండి. మీ ట్యాగ్ సవ్యంగా ఉండి, డబ్బూ ఉండి, వాళ్ల యంత్రమే చదవలేకపోతే మాత్రం మీరు పైసా కట్టక్కర్లేదు. 2018 నుంచి ఉన్న నియమం ప్రకారం సున్నా రూపాయల రసీదు ఇచ్చి పంపాలి. అక్కడ విడిగా డబ్బు కట్టి ముందుకు వెళ్లాక ట్యాగ్‌లోనూ కట్ అయితే, రసీదు ఫొటోతో మీ బ్యాంకులో ఫిర్యాదు పెట్టండి. 1033కు కూడా చెప్పండి.

క్యూలో నిలబడి రీచార్జి చేయడం గురించి ఒక మాట. జాతీయ రహదారుల మీద ట్యాగ్ స్థితి అప్పటికప్పుడు తెలుస్తుంది కాబట్టి అది చాలావరకు పనిచేస్తుంది. కొన్ని రాష్ట్ర రహదారుల మీద పాత సాంకేతిక పద్ధతే ఉంది, అక్కడ గేటు ముందు వేసిన డబ్బు లెక్కలోకి రాకపోవచ్చు. ఊరు దాటకముందే చూసుకోండి.

జాతీయ రహదారుల టోల్‌కు ఇచ్చే వార్షిక పాస్ సంగతి చాలామంది అడుగుతారు. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలతో మొదలైన ఈ పాస్ సొంత కార్లు, జీపులు, వ్యాన్లకే. ఏడాది లేదా 200 ట్రిప్పులు, ఏది ముందైతే అది. హైదరాబాద్–విజయవాడ దారిలో పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు మూడింటికే ఒకవైపు మూడు ట్రిప్పులు పోతాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు జాతీయ రహదారి కాదు, అక్కడ పాస్ చెల్లదు, మామూలుగా డబ్బు కట్ అవుతుంది. అది తెలియక పాస్ పనిచేయడం లేదని నాతో పోట్లాడినవారున్నారు. పాస్ కూడా మీ వాహనం నంబరుకే కట్టుబడి ఉంటుంది కాబట్టి, నంబరు మారేది ఉంటే ఆ తర్వాతే తీసుకోండి.

తెల్ల కారు ఆయన ఆ రోజు కిటికీ దగ్గరకు వచ్చిన కుర్రవాడిని వదిలేసి యూపీఐతో కట్టి గేటు దాటారు. నా దగ్గర కూర్చుని అమ్మినాయనకు ఫోన్ చేస్తే నాలుగోసారికి ఎత్తారు. విషయం చెప్పగానే అవతల కాసేపు నిశ్శబ్దం. తర్వాత, ‘నా ఫాస్టాగ్‌లో వెయ్యి రూపాయలు ఎవరు వేశారా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నానండీ’ అన్నారు. క్లోజర్ అభ్యర్థన అప్పుడే పెట్టించాం. వెయ్యి ఇంకా రాలేదు, కొత్త ట్యాగ్ మాత్రం వచ్చింది.