బ్రేక్ అంటే అన్నిసార్లూ విరగడం కాదు: ఎక్కడ ఏ అర్థమో పట్టుకోవడం ఎలా

మా పిన్ని మనవడి కోసం అమెరికా వెళ్ళినప్పుడు వాడికి రెండు రోజులు ఒకటే జ్వరం, మూడో రోజు పొద్దున నర్సు వచ్చి హిజ్ ఫీవర్ బ్రోక్ అందట, పాపం పిన్నికి కాళ్ళూ చేతులూ ఆడలేదు, ఏదో విరిగిందంటోంది పిల్లాడికి ఏమైందో అని. తీరా చూస్తే ఆవిడ చెప్పింది జ్వరం దిగిపోయింది అని, అంటే మంచి కబురు. అప్పటినుంచి ఇంగ్లీష్ నేర్చుకునేవాళ్ళు ఎవరు అడిగినా నేను ముందు బ్రేక్ అనే మాటతోనే మొదలుపెడుతున్నా, ఎందుకంటే ఇది మనందరికీ వచ్చు అనుకునే మాట, అందుకే ఎక్కువగా బోల్తా పడేది కూడా దీని దగ్గరే.

మొదటి పని, బ్రేక్ కనపడగానే అర్థం వెతక్కండి, విరిగింది ఏంటి అని చూడండి. ఇంగ్లీష్ వాడికి అన్నిటికీ ఒకటే క్రియ సరిపోతుంది, మనకి అలా కాదు, వస్తువుని బట్టి మాట మారిపోతుంది. కర్ర, కొమ్మ, ఎముక అయితే విరుగుతాయి. కుండ, అద్దం, గుడ్డు అయితే పగులుతాయి. తాడు, దారం, చెప్పు అయితే తెగుతాయి. ఫోనూ మిక్సీ లాంటివి పైకి ఏమీ విరక్కపోయినా పనిచెయ్యకపోతే చాలు వాళ్ళు బ్రోకెన్ అంటారు, మనం పాడైంది అంటాం. కుండ విరిగింది అని తెలుగువాడెవడూ అనడు కదా, చిన్నపిల్లలు కూడా అనరు, ఆ చెవి మనకి పుట్టుకతో ఉంది. ఇంగ్లీష్ చదివేటప్పుడు దాన్ని పక్కన పెట్టేస్తున్నాం, అదే తప్పు.

ఇప్పుడు రెండో పని. ఆ విరిగినదాన్ని చేత్తో పట్టుకోగలమా అని అడగండి. పట్టుకోగలిగితే పైన చెప్పిన మాటల్లో ఒకటి పెట్టేస్తే అయిపోయింది. పట్టుకోలేనిదైతే (మాట, నిద్ర, మౌనం, జ్వరం, రికార్డు) అది పోలికగా వాడిన అర్థం, అప్పుడు ఇంగ్లీష్ క్రియని పూర్తిగా మర్చిపోయి దానికి మనవాళ్ళు ఏమంటారో గుర్తు తెచ్చుకోండి. ప్రామిస్ బ్రేక్ చేస్తే మాట తప్పాడు. నిద్ర అయితే చెడింది. ఫాస్ట్ అంటే ఉపవాసం, రాత్రంతా ఖాళీగా ఉన్న కడుపుకి పొద్దున పెట్టేది కాబట్టి బ్రేక్‌ఫాస్ట్ అయింది, రెండు మాటలూ కళ్ళెదురుగానే ఉన్నా మనం ఎప్పుడూ విడదీసి చూడం. డే బ్రేక్ అయితే ఇంకా బాగుంటుంది, వాళ్ళకి పొద్దు విరుగుతుంది, మనకి పొద్దు పొడుస్తుంది. గర్భిణి విషయంలో హర్ వాటర్ బ్రోక్ అంటే ఉమ్మనీరు పోయింది అని, వెంటనే ఆసుపత్రికి బయలుదేరాలి, ఇది మాత్రం బయటి దేశాల్లో ఉన్న అమ్మమ్మలూ నాయనమ్మలూ తప్పకుండా తెలుసుకుని ఉండాలి.

గుండె దగ్గర కాస్త ఆగుదాం, నేను చూసిన అనువాదాల్లో ఎక్కువ తప్పులు ఇక్కడే. హార్ట్ బ్రోకెన్ అని ఉంటే మనసు విరిగింది అని రాసేస్తారు. రెండూ ఒకటి కాదండీ. మనసు విరిగింది అంటే ఆ మనిషి మీద ఇష్టం పోయింది, ఇక దగ్గరవ్వబుద్ధి కాదు అని. హార్ట్ బ్రోకెన్ అంటే దుఃఖం, ఇష్టం ఉంది కాబట్టే వచ్చిన దుఃఖం, దానికి గుండె పగిలింది అనాలి. బిడ్డని పోగొట్టుకున్న తల్లి గురించి మనసు విరిగింది అని రాస్తే అర్థం మొత్తం తిరగబడిపోతుంది. బ్రేకప్‌కి అయితే ఇప్పుడు అందరూ బ్రేకప్ అనే అంటున్నారు, తప్పు పట్టను, కానీ తెగతెంపులు చేసుకున్నారు అనే మంచి మాట మనకి ఉంది, తాడు తెగినట్టు బంధం తెగింది అనే పోలిక అందులోనే ఉంది.

మూడోది, వెనకాల చిన్న మాట ఏదైనా అతుక్కుని ఉందేమో చూడండి. కార్ బ్రేక్ డౌన్ అయితే దారిలో ఆగిపోయింది, మనిషి బ్రేక్ డౌన్ అయితే తట్టుకోలేక ఏడ్చేశాడు, బిల్లు బ్రేక్ డౌన్ అడిగితే దేనికెంత పడిందో విడివిడిగా చెప్పమని. బ్రేక్ ఇన్ అంటే దొంగతనానికి ఇంట్లో చొరబడటం, అదే కొత్త బూట్లతో వస్తే కాళ్ళకి అలవాటయ్యేదాకా వేసుకు తిరగడం. బ్రేక్ ఔట్ అంటే మంటలో జబ్బో ఒక్కసారిగా పుట్టుకురావడం, లేకపోతే జైల్లోంచి పారిపోవడం. ఇవి రూల్ పెట్టుకుని నేర్చుకునేవి కావు, వాక్యంతో సహా గుర్తు పెట్టుకోవాల్సిందే.

డబ్బు దగ్గర జాగ్రత్త. ఐ యామ్ బ్రోక్ అంటే చేతిలో చిల్లిగవ్వ లేదు అని, ఐ యామ్ బ్రోకెన్ అంటే లోపల కుంగిపోయాను అని, ఒక్క అక్షరం తేడాతో అవతలివాళ్ళు అప్పు ఇవ్వాలో ఓదార్చాలో మారిపోతుంది. బ్యాంక్‌రప్ట్ అనే మాట కూడా ఈ కుటుంబానికి దగ్గరదే, ఇటలీ భాషలో బాంకా రొట్టా అంటే విరిగిన బల్ల, అక్కడ డబ్బు మార్చేవాళ్ళు వ్యాపారం చేసే బల్ల అన్నమాట. 500 నోటుని బ్రేక్ చెయ్యమంటే చిల్లర ఇవ్వమని, అంతే.

మన తెలుగులో ఇప్పటికే కలిసిపోయిన బ్రేకులు కూడా గమనించండి, వాటితోనే సాధన సులువు. టీ బ్రేక్‌లో ఉన్నది విరామం. తిరుమలలో విఐపి బ్రేక్ దర్శనం అంటే మామూలు క్యూని కాసేపు ఆపి ఇచ్చే దర్శనం, అదీ విరామమే. ఫలానా సినిమా ఆ హీరోకి బ్రేక్ ఇచ్చింది అంటే అవకాశం, మలుపు. బ్రేక్ ఈవెన్ అయితే పెట్టిన డబ్బు వెనక్కి రావడం, లాభం ఇంకా మొదలవ్వలేదు. క్రికెట్‌లో లెగ్ బ్రేక్ అంటే కాలు విరగడం కాదు, బంతి నేల తాకాక దారి మార్చుకోవడం. 1993లో మాంచెస్టర్‌లో ఆస్ట్రేలియా స్పిన్నర్ షేన్ వార్న్ ఇంగ్లండ్ బ్యాటర్ మైక్ గ్యాటింగ్‌కి వేసిన బంతి ఇదే, లెగ్ స్టంప్ బయట పడి తిరిగి ఆఫ్ స్టంప్‌కి తగిలింది. బండికి ఉండే బ్రేక్ మాత్రం అసలు వేరే మాట, ఇంగ్లీష్‌లో స్పెల్లింగ్ వేరు, పలకడం ఒకటే కాబట్టి తెలుగు లిపిలో రెండూ ఒకేలా రాస్తాం. బ్రేక్ పడింది అని పేపర్లో చదివితే అది బండి బ్రేకే, ఆగిపోయింది అని.

ఇక తెలుగు నుంచి ఇంగ్లీష్‌కి వెళ్ళేటప్పుడు ఇదే పని తిరగేసి చెయ్యాలి. పాలు విరిగాయి కదా అని మిల్క్ బ్రోక్ అనకండి, స్ప్లిట్ అయిందనో కర్డిల్ అయిందనో అంటారు. ఒళ్ళు విరుచుకోవడం స్ట్రెచింగ్. విషానికి విరుగుడు అంటే యాంటీడోట్, ఆ మాటలో మన విరుగు ఎంత చక్కగా కూర్చుందో చూడండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని చదివినప్పుడల్లా దొరికిన బ్రేక్‌ని వాక్యంతో పాటు రాసి, పక్కన మీ ఇంట్లో ఎలా అంటారో అదే రాయండి. డిక్షనరీ మాట వద్దు, అమ్మ అనే మాట రాయండి.