పాతకాలపు ఆవిరి ఇంజన్లను, నవాబుల నాటి కార్లను ఫొటో తీయడం ఎలా?

తమిళనాడులోని మెట్టుపాళయం స్టేషన్లో ఉదయం ఊటీ బండికి ఆవిరి ఇంజను తగిలిస్తుంటే ప్లాట్‌ఫారం మీద ఉన్నవాళ్లంతా ఫోన్లు పైకెత్తుతారు. తీరా ఇంటికి వచ్చి చూసుకుంటే ఎక్కువ ఫొటోల్లో మిగిలేది ఒక నల్లటి ముద్ద, దాని మీద తెల్లటి మచ్చ. హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ దగ్గర కథ వేరు. అక్కడ కారు కన్నా దాని ఒంటి మీద పడిన దీపాలు, ఫొటో తీస్తున్న మనిషి ఎక్కువగా కనిపిస్తారు.

తప్పు కెమెరాది కాదు. ఇంజను నలుపు. పడిన వెలుగునంతా మింగేస్తుంది. కారు అద్దం లాంటిది. చుట్టూ ఉన్నదంతా మనకే తిప్పి చూపిస్తుంది. అందుకే ఇంజను దగ్గర వెలుగు ఎక్కడి నుంచి పడుతోందో చూడాలి, కారు దగ్గర దాని ఒంట్లో ఏం కనిపిస్తోందో చూడాలి. నేను ఈ రెండు అలవాట్లూ చేసుకున్నాకే నా ఫొటోల్లో ఇంజను ఇంజనులా, కారు కారులా కనిపించడం మొదలైంది.

ముందు ఆ యంత్రం గురించి తెలుసుకోండి

ఏ ఇంజను, ఎటు నుంచి వస్తుంది, ఎక్కడ ఆగుతుంది అన్నది తెలియకుండా వెళితే మంచి ఫొటో దొరకడం అదృష్టం మీద ఆధారపడుతుంది. నీలగిరి కొండ రైలునే తీసుకోండి. మెట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లు. 1899లో కూనూరు దాకా, 1908లో ఊటీ దాకా లైను పడింది. 2005లో యునెస్కో దీన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆవిరి ఇంజను మాత్రం కూనూరు దాకానే, అక్కడి నుంచి పైకి డీజిల్ ఇంజను లాగుతుంది. ఆవిరి కోసం ఊటీలో కాచుకుని కూర్చుంటే నిరాశే.

ఇంకొక ముఖ్య విషయం. కొండ ఎక్కేటప్పుడు ఇంజను బండికి ముందు ఉండదు, వెనక నుంచి నెడుతుంది. దిగేటప్పుడు ముందుంటుంది. ఈ సంగతి తెలియనివాళ్లు వంపు దగ్గర కెమెరా సిద్ధం చేసుకుని, ముందు పెట్టె రాగానే గబగబా నొక్కేసి, ఇంజను కళ్లముందుకు వచ్చేసరికి కెమెరా దించేస్తారు. బండిలో కూర్చుని తీయాలనుకుంటే, ఎక్కేటప్పుడు ముందు పెట్టెల్లో చోటు చూసుకోండి. మలుపుల్లో వెనక పొగ వదులుతూ నెట్టుకొస్తున్న ఇంజను కనిపిస్తుంది. చేతులు, తల కిటికీ బయట పెట్టకుండానే ఇది సాధ్యం.

ఆ ఇంజన్లు ఎక్స్ తరగతివి, వాటిలో పాతవి స్విట్జర్లాండ్‌లోని వింటర్‌థూర్‌లో తయారయ్యాయి. పక్కనుంచి చూస్తే ఒకదాని మీద ఒకటిగా రెండు సిలిండర్లు కనిపిస్తాయి. కిందిది మామూలు చక్రాలను తిప్పుతుంది. పైది పట్టాల మధ్య పరిచిన పళ్ల కడ్డీని పట్టుకుని ఎక్కే పళ్ల చక్రాలను తిప్పుతుంది. కల్లార్ దాటాక, నిటారు దారి మొదలైనప్పుడే పై సిలిండరు తిప్పే కడ్డీలు కూడా పని అందుకుంటాయి. పైవి, కిందివి ఒకే లయలో కదలవు. ఆ కదలికను ఫొటోలో పట్టుకోవాలంటే స్టేషన్లో నిలబడి ఉన్న ఇంజను సరిపోదు, కొండ మీద శ్రమపడుతున్న ఇంజను కావాలి. చదివి తెలుసుకున్న ఒక్క విషయం ఎక్కడ నిలబడాలో చెప్పేస్తుంది.

కొండ దాకా వెళ్లలేనివారికి ఢిల్లీ చాణక్యపురిలో 1977లో మొదలైన జాతీయ రైలు మ్యూజియం ఉంది (సోమవారం సెలవు). హర్యానాలోని రేవాడీలో ఆవిరి ఇంజన్ల షెడ్డు ఉంది. 1855లో ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ ఈ దేశపు ఆవిరి ఇంజన్లలో పెద్దమ్మ లాంటిది.

నల్లని ఇంజనుకు వెలుగు వెతకండి

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఇంజనును తీయకండి. బాయిలర్ నీడ కిందికి పడి చక్రాలు, కడ్డీలు పూర్తిగా చీకట్లో కలిసిపోతాయి. ఆవిరి ఇంజనులో చూడదగ్గదంతా అక్కడే ఉంది. ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం నాలుగున్నర తర్వాత ఎండ పక్కనుంచి, తక్కువ ఎత్తులో వస్తుంది. చక్రాల ఆకుల (స్పోకుల) మధ్యకు దూరుతుంది, బాయిలర్ మీద పొడుగ్గా ఒక వెలుగు గీత గీస్తుంది. ఆ గీత కనిపించే చోటు దొరికేదాకా ఒక్కో అడుగు పక్కకు జరుగుతూ చూడండి. నలుపులో గుండ్రదనం కనిపించేది ఆ గీత వల్లనే.

కడ్డీలు ఏ స్థితిలో ఉన్నాయో కూడా చూడండి. చక్రాలను కలిపే కడ్డీ కిందికి దిగి ఉన్నప్పుడు చక్రం నిండుగా కనిపిస్తుంది. పైకి లేచి ఉంటే చక్రానికి అడ్డు గీత గీసినట్టు ఉంటుంది. చూడటానికి చిన్న తేడానే, కానీ రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే కడ్డీ కిందికున్నదాన్నే ఎవరైనా ఎంచుకుంటారు.

కెమెరా ఏ దృశ్యాన్నైనా నడిమి వెలుగులో చూపాలని ప్రయత్నిస్తుంది. ఎదురుగా నల్లటి ఇంజను నిండి ఉంటే, చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. నలుపు బూడిద రంగుకు తిరుగుతుంది, ఆవిరి సున్నం కొట్టిన గోడలా వివరమే లేకుండా తెల్లబడుతుంది. కాబట్టి ఎక్స్‌పోజర్‌ను, అంటే కెమెరా తీసుకునే వెలుగును, ఒక స్టాప్‌లో (వెలుగును సగం చేసే మెట్టు) మూడింట రెండు వంతులు తగ్గించండి. ఫోనులో అయితే ఆవిరి ఉన్న చోట వేలితో తాకి, సూర్యుడి గుర్తును కాస్త కిందికి లాగండి. రా ఫైలుగా (కెమెరా తన మార్పులు చేయని అసలు ఫైలు) తీస్తే నలుపులో దాగిన వివరాన్ని ఇంటికి వచ్చాక పైకి తేవచ్చు. పూర్తిగా తెల్లబడిపోయిన ఆవిరిని మాత్రం ఎవరూ తిరిగి తేలేరు.

ఆవిరి కోసం చలిని నమ్ముకోండి

పొగగొట్టం పైన మనం చూసే తెల్లటి మేఘం నిజానికి ఆవిరి కాదు, ఆవిరి చల్లబడి ఏర్పడిన నీటి తుంపరలు. గాలి ఎంత చల్లగా ఉంటే ఆ మేఘం అంత దట్టంగా, అంతసేపు నిలుస్తుంది. మే నెల మధ్యాహ్నం అదే ఇంజను అంతే ఆవిరి వదిలినా గాలిలోకి రాగానే మాయమవుతుంది. డిసెంబరు, జనవరి నెలల్లో పొద్దున్నే వెళ్లండి.

సూర్యుడు ఆవిరికి వెనకగా, కాస్త పక్కగా ఉంటే ఆ మేఘం లోపల దీపం వెలిగించినట్టు అవుతుంది. మరీ నేరుగా వెనక ఉంటే ఇంజను పక్క భాగం చీకటైపోతుంది. నాకు ఐమూల కోణమే ఎప్పుడూ ఇష్టం.

బండి కదిలే క్షణాన్ని వదులుకోకండి. ఆగి ఉన్నంతసేపూ సిలిండర్లలో ఆవిరి చల్లబడి నీరవుతుంది. కదిలించేటప్పుడు ఆ నీటిని బయటకు నెట్టడానికి కింది కుళాయిలు తెరుస్తారు. రెండు పక్కలా నేల మీదుగా బుస్సుమని తెల్లటి ఆవిరి దూసుకొస్తుంది, చక్రాలు అందులో మునిగి తేలతాయి. ఆ ఆవిరి ఒళ్లు కాల్చేంత వేడిగా ఉంటుంది. పక్కన నిలబడక దూరంగా, ముందువైపు ఐమూలగా ఉండి 1/500 సెకను షట్టర్ వేగంతో వరసగా తీయండి.

కదలికను చూపండి

కదిలే ఇంజనును 1/1000తో తీస్తే అది ఆగి ఉన్నదానిలాగే కనిపిస్తుంది. షట్టర్ వేగం తగ్గించి, బండితోపాటు కెమెరాను తిప్పుతూ తీస్తే ఇంజను స్పష్టంగా, చుట్టూ ఉన్న చెట్లు గీతల్లా వస్తాయి. పళ్ల పట్టా మీద నీలగిరి బండి గంటకు పది కిలోమీటర్ల వేగంతోనో, ఇంకా మెల్లగానో పోతుంది కాబట్టి 1/15 పెట్టండి. నలభై, యాభై వేగంతో వచ్చే బండికి 1/60 సరిపోతుంది. పాదాలు కదపకుండా నడుము మాత్రమే తిప్పాలి. ఇంజను మీది నంబరు మీద చూపు నిలిపి, నొక్కాక కూడా ఒక క్షణం అలాగే తిప్పుతూ ఉండాలి. ఇరవై తీస్తే రెండు నిలుస్తాయి. అందరికీ అంతే, మీ చేయి బాగాలేదని అనుకోకండి.

కొండ ఎక్కేటప్పుడు నీళ్లు పట్టడానికి బండి హిల్‌గ్రోవ్ వంటి చోట్ల ఆగుతుంది. దగ్గరి ఫొటోలకు అదే సమయం. పొడుగు ముక్కు నూనె డబ్బా పట్టుకుని సిబ్బంది ఒక్కో కీలు దగ్గర వంగి నూనె పోస్తుంటారు. ఆ చేతులు తీయండి. నూనె, మసి కలిసి గోళ్ల చుట్టూ నల్లగా పేరుకుని ఉంటాయి, పక్కనే ఇత్తడి మాత్రం తళతళలాడుతూ ఉంటుంది. ముందు అడగండి. దూరం నుంచి జూమ్ చేసినవారికి దొరకని ముఖాలు, డ్రైవరుతో, ఫైర్‌మన్‌తో (బాయిలర్ మంట చూసుకునే మనిషి) రెండు మాటలు మాట్లాడినవారికి దొరుకుతాయి. తయారీదారు పేరు, సంవత్సరం ఉన్న పలకను నేరుగా కాక కాస్త పక్కనుంచి తీస్తే అక్షరాల అంచుల మీద నీడ పడి చక్కగా చదవవచ్చు.

పట్టాల మీదికి మాత్రం దిగవద్దు. 1989 రైల్వే చట్టం 147వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా పట్టాల మీదికి వెళితే ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. విద్యుత్ లైన్లు ఉన్న చోట తలపై తీగల్లో 25,000 వోల్టుల కరెంటు ఉంటుంది. ట్రైపాడ్‌ను, సెల్ఫీ కర్రను పైకెత్తడం ప్రాణాంతకం. స్టేషన్లో పెద్ద కెమెరా తీసే ముందు స్టేషన్ మాస్టరును అడగండి.

కారు దగ్గర మోకాళ్ల మీద కూర్చోండి

ఇప్పుడు అలవాట్లన్నీ తిరగేయాలి. నిలబడి తీస్తే పాత కారు పైకప్పు, బానెట్ మాత్రమే కనిపించి బొమ్మ కారులా అవుతుంది. హెడ్‌లైట్ల ఎత్తుకు కెమెరా దించండి. వెడల్పాటి లెన్సుతో దగ్గరికి వెళితే ముందు మడ్‌గార్డు ఉబ్బిపోతుంది, వెనక భాగం కుంచించుకుపోతుంది. అయిదారు మీటర్లు వెనక్కు జరిగి 70 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్సు వాడండి. ఫోనులో రెండు రెట్ల జూమ్ పెట్టి వెనక్కు నడవండి. కారును జరిపే వీలుంటే, ముందు చక్రాన్ని దాని ఆకులు మనవైపు కనిపించేలా తిప్పమనండి. టైరు నలుపు కన్నా ఆకుల చక్రమే అందం.

ఎండలో నున్నటి పెయింటు మీద ప్రతి వంపులోనూ ఒక సూర్యుడు మెరుస్తాడు. చెట్టు నీడ ఇంకా చెడ్డది, ఆకుల మచ్చలన్నీ ఒంటి మీద పడతాయి. సూర్యుడు అస్తమించాక పావుగంట, ఇరవై నిమిషాలు ఉండే వెలుగే కార్లకు సరైన వేళ. ఆకాశమంతా ఒకే పెద్ద దీపంలా ఉండి, కారు పక్క భాగం మీద ముందు నుంచి వెనక దాకా తెగని ఒక మెత్తటి గీత పడుతుంది. కారును తయారు చేసినవాళ్లు గీసిన వంపు ఆ గీతలోనే కనిపిస్తుంది. దానికి అడ్డంగా కరెంటు స్తంభం, పక్క బండి, నిలబడ్డ మనిషి ప్రతిబింబిస్తుంటే అరడుగు జరగండి. అరడుగుతో పోతాయి.

లెన్సు ముందు తగిలించి తిప్పే పోలరైజర్ ఫిల్టర్ పెయింటు, అద్దాల మీది మెరుపును తగ్గిస్తుంది, క్రోమియం పూత మీద, ఇత్తడి మీద పనిచేయదు. మెరుపంతా తీసేస్తే కారు అట్టముక్కలా కనిపిస్తుంది, సగం ఉంచండి. గుండ్రటి హెడ్‌లైట్లలో మీరు తప్పక కనిపిస్తారు. నల్లటి దుస్తులు వేసుకుని, దూరం నుంచి తీస్తే ఆ రూపం చిన్నదై కలిసిపోతుంది. ఒకసారి నేను ఎర్ర చొక్కాతో వెళ్లి, తెల్లటి కారు తలుపు మీద గులాబీ మరకతో వచ్చిన ఫొటోలన్నీ పక్కన పెట్టాల్సి వచ్చింది.

క్రోమియం మీద వేలిముద్రలు కనిపిస్తే మీ చొక్కా అంచుతో తుడవకండి. దుమ్ముతో కలిపి రుద్దితే సన్నని గీతలు పడి ఎప్పటికీ పోవు. యజమానికి చూపండి, తన దగ్గరున్న మెత్తటి గుడ్డతో ఆయనే తుడుస్తారు.

మ్యూజియంలో ఉన్న కారుకు

చౌమహల్లాకు శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో గేటు తెరవగానే వెళితే జనం తక్కువ. మ్యూజియంలో ఫ్లాష్ వాడకండి. కారు అద్దం వెనక ఉంటే లెన్సును అద్దానికి ఆనించి చుట్టూ నల్లగుడ్డ కప్పండి, వెనకనున్న వెలుగులన్నీ మాయమవుతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుతాయి. షట్టర్ వేగం 1/50 లేదా 1/100 పెడితే ఫొటోలో అడ్డ చారలు రావు. ఒక పక్క కిటికీ వెలుగు, ఒక పక్క దీపాలు ఉంటే తెలుపు రంగు సర్దుబాటును (వైట్ బ్యాలెన్స్) కారు మీద ఎక్కువగా పడే వెలుగుకే కుదర్చండి.

పసుపు రంగుతో జాగ్రత్త. కెమెరా పసుపును ఎరుపు, ఆకుపచ్చలు కలిపి చూపుతుంది. అందులో ఎరుపు వాటా ముందుగా నిండిపోయి, పసుపు మీది ఛాయలన్నీ ఒకే పూతలా మారతాయి. రంగుల వారీ హిస్టోగ్రామ్ (ఏ రంగు వెలుగు ఎంత ఉందో చూపే గ్రాఫు) చూసి, ఎరుపు గీత కుడి అంచును తాకకుండా వెలుగు తగ్గించండి.

ఆ రోల్స్ రాయిస్ 1912 నాటి సిల్వర్ ఘోస్ట్, లండన్ బార్కర్ కంపెనీ కట్టిన బాడీ. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. ఆ ఎత్తు తెలియాలంటే పక్కనుంచి, ముందు సీటు, వెనక సీటు రెండూ కలిపి ఒకే ఫ్రేములో తీయండి.

ఇంటికి రాగానే, మరిచిపోకముందే, ప్రతి ఫొటో కింద మోడల్, సంవత్సరం, చోటు, తీసిన తేదీ రాసిపెట్టండి. ఇంజనైతే దాని నంబరు కూడా. నేను ఆ పసుపు కారు ఫొటో కింద ఇలా రాసుకున్నాను: "ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ తెప్పించాలనుకున్న కారు. 1911లో ఆయన కన్నుమూశారు. కారు కొడుకు మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో వచ్చింది."