కంచు ముక్కుతో ఓడను పొడవడం ఎలా?

తూర్పు తీరంలో ఓ రేవులో ముప్పై ఏళ్లు టగ్గు సరంగుగా చేశాను. పెద్ద ఓడలకు సొట్ట పడకుండా నెట్టడమే నా పని. ఒకే ఒక్కసారి తొందరపడి ఓ ఓడ రేకు లోపలికి నొక్కేసి చీవాట్లు తిన్నాను. కావాలనే ఓడను ఓడతో పొడిచిన గ్రీకులంటే నాకు అందుకే సరదా. మీరు క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ వాళ్ల ట్రైరీమ్ అనే యుద్ధనౌక నడుపుతున్నారనుకోండి.

ముందు పెద్ద తెరచాపలు ఒడ్డున దించేయండి, బరువు దండగ. మూడు వరసల్లో కూర్చున్న 170 మంది తెడ్లవాళ్లే మీ ఇంజిన్. ఓడ అణియానికి, అంటే ముందు కొసకు, నీటిమట్టం దగ్గర కంచు తొడుగు ఉంటుంది. 1980లో ఇజ్రాయెల్ తీరాన అత్లిత్ దగ్గర దొరికిన తొడుగు తర్వాతి కాలపు పెద్ద ఓడది. పొడవు 2.26 మీటర్లు, బరువు 465 కిలోలు. దాని కొస బల్లెంలా ఉండదు, మొద్దుగా ఉంటుంది. సూదిగా ఉంటే చెక్కలో దిగి ఇరుక్కుంటుంది. మొద్దుదైతే అతుకులు ఊడగొట్టి నీళ్లు రానిస్తుంది.

ఎదురెదురుగా పోవద్దు. శత్రువుల వరస సందులోంచి దూరి వెనక్కి తిరగండి, లేదా వరస చివర చుట్టి రండి. పక్కనో, అమరం వైపో (వెనక వైపు) కొట్టాలి.

అసలు కష్టం తగిలాక. వెంటనే తెడ్లు వెనక్కి వేయించాలి. లేదంటే వాళ్ల సైనికులు మీ ఓడలోకి దూకేస్తారు. నాకైతే ఓ లివర్ లాగితే చాలు. మీ కింది వరసవాళ్లకు బయట ఏం జరుగుతోందో కూడా కనిపించదు, కేకే ఆధారం. పొడిచిన ఓడ రాయిలా మునగదు. నీళ్లు నిండి తేలుతుంటుంది, తాడు కట్టి లాక్కుపోవచ్చు.

గాలి కోసం ఆగడం ఏథెన్స్ నౌకాదళపతి ఫోర్మియోను చూసి నేర్చుకోండి. క్రీ.పూ. 429లో ఆయనవి 20 ఓడలు, అవతల 47. వాళ్లు అణియాలు బయటికి పెట్టి గుండ్రంగా నిలబడ్డారు. ఈయన రాసుకుపోయేంత దగ్గరగా చుట్టూ తిరుగుతూ ఆ వలయాన్ని కుదించాడు. తెల్లారేసరికి అఖాతం నుంచి గాలి వస్తుందని ఆయనకు తెలుసు. వచ్చింది. ఓడలు ఒకదానికొకటి గుద్దుకుని, గెడలతో తోసుకుంటూ, తిట్టుకుంటూ ఉండగా దాడికి సైగ చేశాడు. 12 ఓడలు చిక్కాయి.

ఆ తర్వాత మరో పోరులో, పారిపోతున్న ఏథెన్స్ ఓడ ఒకటి లంగరేసిన వర్తక ఓడను చుట్టి తిరిగి, తరుముతున్నదాన్ని నడుమున పొడిచింది. లంగరేసిన ఓడ పక్కన నేను అలా తిరిగుంటే మెమో చేతిలో పెట్టేవాళ్లు.