మీ చేతితోనే ఎముకలు, కండరాల పాఠం నేర్చుకోవడం ఎలా?

పెద్దవారి శరీరంలో 206 ఎముకలు, 600కు పైగా కండరాలు ఉంటాయి. వాటి పేర్లు బట్టీ పట్టడంతో చదువు మొదలుపెడితే త్వరగానే విసుగు పుడుతుంది. పుస్తకం పక్కన పెట్టి ముందు ఒక చేతిని బాగా తెలుసుకోండి. మిగతా కీళ్ల దగ్గర పని నడిచే తీరు చాలావరకు అదే.

బల్ల ముందు కూర్చుని మోచేతి కొనను రెండో చేత్తో తడమండి. చర్మం కిందే గట్టిగా తగిలేది అరత్ని. దాని వెంబడి వేళ్లు జరుపుతూ పోతే చిటికెన వేలి వైపు మణికట్టు దాకా వస్తారు. బొటనవేలి వైపున ఉండే ఎముక రత్ని. ఇప్పుడు అరచేతిని వెల్లకిలా, బోర్లా తిప్పండి. రత్ని అరత్ని మీదుగా అడ్డంగా తిరుగుతుంది. తాళం తీసేటప్పుడు జరిగేది ఇదే.

ఇక కండరాలు. అరచేతిని బల్ల కింద ఆనించి, బల్లను ఎత్తబోతున్నట్టు పైకి నొక్కండి. రెండో చేత్తో దండచేయి ముందు భాగం పట్టుకుంటే బైసెప్స్ బిగుసుకోవడం తెలుస్తుంది. తర్వాత అరచేతిని బల్లపై పెట్టి కిందికి నొక్కండి. ముందున్నది వదులై, వెనుక ఉన్న ట్రైసెప్స్ గట్టిపడుతుంది. నొప్పి ఉన్న చేతితో మాత్రం ఇది చేయవద్దు. తొందరపడకుండా నాలుగైదుసార్లు చేయండి, అసలు కీలకం ఇక్కడే ఉంది: కండరానికి లాగడమే తెలుసు, తోయడం తెలియదు. మీరు బల్లను నొక్కుతున్నప్పుడు కూడా లోపల ఒక కండరం ఎముకను లాగుతూనే ఉంది. అందుకే మడిచే కండరానికి ఎదురుగా చాచే కండరం ఉండాలి.

నాకు అన్నిటికంటే అబ్బురంగా తోచేది తర్వాతి మెట్టు. ముంజేతిని పట్టుకుని వేళ్లను ఒక్కొక్కటిగా ఆడించండి. కదలిక ముంజేతిలో తెలుస్తుంది! వేళ్లను మడిచే, చాచే కండరాలు వేళ్లలో లేవు. కొన్ని అరచేతిలో, బలమైనవి ముంజేతిలో ఉన్నాయి. ఆ లాగుడును వేళ్లకు చేరవేసే తాళ్లే టెండాన్లు. వేళ్లు బాగా చాచితే అరచేతి వెనుక వైపు తీగల్లా లేచి కనిపిస్తాయి. ఎముకను ఎముకతో కట్టి ఉంచేవి లిగమెంట్లు. చీలమండ బెణికినప్పుడు సాధారణంగా దెబ్బతినేవి ఇవే.

మోచేయి తలుపులా ముడుచుకుని తెరుచుకునే మడతబందు కీలు. భుజం అన్ని వైపులా తిరిగే బంతిగిన్నె కీలు.

ఇప్పుడు కుర్చీలో కూర్చునే కాలు ముందుకు చాచి, తొడ పైభాగం మీద చేయి వేయండి. ఏ వైపు కండరం లాగుతోందో ఈసారి మీరే చెప్పగలరు.